ఎంజీ అన్న

సిద్దిపేటలో ఇంటర్ ఎంపీసీ పిల్లలు చేరే చాయ్ హోటల్ ఉన్నచోట ఒక ఎంజీ అన్న ఉంటాడు. అసలు పేరు ఏదైనా కావచ్చు. తాడు కనబడితే చాలు, అందులో తన్యత ఎంతో చిటికెలో చెప్పేస్తాడు గనక ఈ పేరు స్థిరపడింది. తాడుకు రాయి ఊరికే వేలాడుతున్నా, ఆ రాయి లిఫ్టులో ఎగబాకుతున్నా, కప్పీ మీదుగా జారుతున్నా తన్యత అంటే రాయి బరువే అన్నది ఆయన ఏకైక తీర్పు: "టీ ఈక్వల్ టు ఎంజీ, గంతే!" బొమ్మ గీయమంటే చిన్నతనం. "బొమ్మలు గీసుడు ఎల్‌కేజీ పోరగాండ్ల పనిరా తమ్మీ" అని కొట్టిపారేస్తాడు. అంత ధీమాగా చెప్పేవాణ్ని అనుమానించడానికి పదహారేళ్ల ప్రాయం సరిపోదు.

అన్నకు లెక్కలు రావనుకుంటే అన్యాయం. వర్గ సమీకరణాలు నోటితోనే తేల్చేస్తాడు. ఆయన ఇబ్బందల్లా ఏ వస్తువునూ ఒంటరిగా నిలబెట్టి చూడలేకపోవడం. స్వేచ్ఛా వస్తు పటం కోరేది అదే: ఒక్క వస్తువును ఎంచుకో, మిగతా లోకాన్ని చెరిపెయ్, దాన్ని లాగేవాళ్లూ నెట్టేవాళ్లూ ఎవరో బాణాలతో చూపు. ప్రతి బాణానికీ ఒక కర్త ఉండాలి, భూమో, తాడో, బల్లో. అన్న బలవంతాన గీసే పటాల్లో కర్త లేని బాణాలే ఎక్కువ. పైకి విసిరిన బంతికి, చెయ్యి ఎప్పుడో వదిలేసినా, "పైకి పోయే బలం" ఒకటి తగిలిస్తాడు. ద్రవ్యరాశిని త్వరణంతో గుణించగా వచ్చేది నికర బలం విలువ; దాన్ని కూడా విడి బాణంగా గీస్తాడు, పిలవని పెళ్లిలో పంక్తిన కూర్చున్న చుట్టంలా. బల్ల మీది పుస్తకానికి బరువూ అభిలంబ బలమూ న్యూటన్ మూడో నియమపు జంట అని ప్రకటిస్తాడు. ఆ నియమపు జంట ఎన్నడూ ఒకే వస్తువు మీద పడదు. పుస్తకం బరువుకు జంట, పుస్తకం భూమిని పైకి లాగే బలం. భూమికి కూడా పటం గీయాలని అన్నకు తోచదు, అంత పెద్దదాన్ని కాగితం మీద పట్టించడం కష్టమని కాబోలు.

ఆయన తీర్పును ఒక చిన్న లెక్క మీద పరీక్షిద్దాం. నున్నటి బల్ల మీద 3 కిలోల దిమ్మ, దానికి కట్టిన తేలికపాటి తాడు ఘర్షణ లేని కప్పీ మీదుగా వచ్చి 2 కిలోల రాయిని మోస్తోంది. గురుత్వ త్వరణం 10 అనుకుందాం. అన్న లెక్కన తన్యత 20 న్యూటన్లు. అయితే రాయిని భూమి 20తో కిందికి, తాడు 20తో పైకి లాగుతున్నాయి. వదిలిన రాయి ఉన్నచోటే ఉండాలి. అవే 20 న్యూటన్లు లాగుతున్న దిమ్మ మాత్రం పరుగందుకోవాలి. సాగని తాడుకు ఒక కొస నిద్ర, ఇంకో కొస పరుగు! రెండు వస్తువులకు రెండు పటాలు గీస్తే త్వరణం 4, తన్యత 12 అని తేలుతుంది.

"ఎప్‌సెట్‌ల 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, బొమ్మలు గీసుకుంట కూసుంటరా సార్?" అన్నది అన్న తరఫు గట్టి వాదన. నిజమే, ఒక్కో ప్రశ్నకు నిమిషం పైన కొద్ది సెకన్లే. అందుకే కాస్త తెలివిమీరిన ఎంజీ అన్నలు అట్‌వుడ్ యంత్రం ఫార్ములా బట్టీపట్టారు. కప్పీకి రెండు పక్కలా 3, 2 కిలోలు వేలాడితే అది 24 న్యూటన్లని సరిగ్గానే చెబుతుంది. పై బల్ల లెక్కలోనూ దాన్నే దించారో, 20 న్యూటన్ల బరువున్న రాయి 24తో పైకి లాగించుకుని కప్పీ వైపు ఎక్కిపోవాలి. రెండు చుక్కలూ ఐదు బాణాలూ తినే సమయం కంటే, తప్పు ఫార్ములాతో వచ్చిన జవాబును నాలుగు ఆప్షన్లలో వెతుక్కునే సమయమే ఎక్కువ.

గొల్లభామ చీర నేసేవారు ఏ పటం గీసి పడుగు బిగిస్తున్నారని ఇంకో ప్రశ్న. వాళ్లకు అక్కర్లేదు, ఆ పోగును వేళ్లే కొలుస్తాయి. తాను ముట్టని తాడు సంగతి కాగితం మీద చెప్పాల్సిన విద్యార్థికి ఆ వేళ్లు లేవు. కోమటిచెరువు వేలాడే వంతెన మీద అన్న చెప్పే పాఠమే ఇందుకు సాక్ష్యం: "బరువు సగం ఇటు, సగం అటు. కంబిని ఇంకింత గుంజి కడితే ఇంకా గట్టిగుంటది." కంబి నడుమ ఒకే బరువు వేలాడదీసి చూడండి. రెండు సగాలూ అడ్డగీతతో 30 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో సగంలో తన్యత పూర్తి బరువంత. కంబిని బిగించి కోణాన్ని 5 డిగ్రీలకు తెస్తే, బరువుకు దాదాపు 5.7 రెట్లు! వంతెన కంబికి ఆ వంపు ఎందుకు వదిలారో మూడు బాణాల పటం చెబుతుంది, ఎంజీ చెప్పదు.

ఇదంతా చిన్న ఊరి చదువుల లోపమని హైదరాబాద్ వాళ్లు మురవనక్కర్లేదు. 1992లో డేవిడ్ హెస్టినెస్ బృందం బలాల భావనల మీద లెక్కలు లేని ఒక ప్రశ్నపత్రం ప్రచురించింది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ దాన్ని తన విద్యార్థులకిస్తే, పరీక్షల్లో లెక్కలు చేసేవాళ్లలోనూ చాలామంది అక్కడ తడబడ్డారు. అన్నకు అక్కడా తమ్ముళ్లున్నారు.

కాబట్టి ఇంటర్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి అన్న జవాబు చెప్పగానే రాసుకోకండి. ఆ వస్తువు ఒక్కదాన్నే కాగితం మీద పెట్టి, పెన్ను అన్న చేతికిచ్చి, గీసిన ప్రతి బాణం ఎవరిదో ఆయన్నే అడగండి.