మజ్జిగ తాగని సర్వేయరు

మా రోజుల్లో కారు చచ్చేది కాదురా అబ్బాయ్. మూలిగేది, మొరాయించేది, ఏలూరు రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం ఆగిపోయి పదిమంది చేత తోయించుకునేది. అంతేగాని చచ్చేది కాదు. ఇప్పటి కార్లకు చావుంది, ఆ చావుకో కాగితముంది, ఆ కాగితంలో ఓ శాతముంది. బాగుచేయించే ఖర్చు బండికి కట్టిన విలువలో 75 శాతం దాటితే అది పోయినట్టే లెక్కట. ‘టోటల్ లాస్’ అంటారు. ఇదే లెక్క మనుషులకు పెడితే నా మోకాళ్లు, కంట్లో శుక్లాలు, పళ్ల సెట్టు కలిపి నన్ను ఎప్పుడో కాటికి పంపాల్సింది.

సంగతి మొదట్నుంచి చెప్తాను, ఆ ఫోను పక్కన పెట్టు. మా అల్లుడుగారు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. 2021 దసరాకి జర్మనీ కారొకటి కొన్నారు. షోరూం ధర 52 లక్షలు. లైఫ్ టాక్సు, ఇన్సూరెన్సు, మిగతా హంగులు కలిపి 60 దాటింది. ఆ డబ్బుతో మా ఊళ్లో మూడు పెళ్లిళ్లు చేసి, మిగిలినదాంతో బోరు కూడా వేయించొచ్చు. నేనేమీ అనలేదు. అల్లుడు కదా. మా ఆవిడతో మాత్రం అన్నాను, రోజూ, రెండు పూటలా.

2024 ఆగస్టు నెలాఖరు శుక్రవారం సాయంత్రం అమ్మాయీ ఆయనా ఆ కారులో విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంటికి దిగారు. గేటు లోపల పట్టక వేపచెట్టు కింద వీధిలోనే పెట్టారు. శనివారమంతా కుండపోత. ఆదివారం, సెప్టెంబరు 1, పొద్దున్నే బుడమేరు మా వీధికొచ్చింది. కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు పాదాలు తడిశాయి, తాగి గ్లాసు కింద పెడదామంటే కింద అనేదే లేదు. పైన కట్టలు తెగాయట, ఆ తర్వాతి రోజు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులట, అవన్నీ కరెంటొచ్చాక టీవీలో తెలిసిన సంగతులు. మాకు తెలిసింది మేడమెట్లు ఎన్ని మునిగాయన్నదే.

ఆ రాత్రి మేడ మీంచి చూశాను. కారు పైకప్పు మాత్రం నీళ్ల మీద తేలిన గేదె వీపులా కనిపిస్తోంది. లోపల లైట్లు వాటంతటవే వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి. వైపర్లు నీళ్లలోనే ఆడుతున్నాయి. హారను మొదట గట్టిగా, తర్వాత సన్నగా, దూడ అరిచినట్టు అరిచి అరిచి తెల్లారుజామున ఆగిపోయింది. అల్లుడుగారు ఒక్క మాటా మాట్లాడలేదు. నాకూ అప్పుడు పెళ్లిళ్ల లెక్క గుర్తు రాలేదు.

వారం దాటాక నీళ్లు తీశాయి. కారు తలుపు తీస్తే గంధం రంగు తోలు సీట్ల మీద నాలుగు వేళ్ల మందాన ఒండ్రు. బ్రేకు పెడలు కింద ఓ కప్ప, ఇల్లు తనదే అన్నట్టు. మా రోజుల్లో అయితే ఏం చేసేవాళ్లం? డిస్ట్రిబ్యూటర్ క్యాపు ఊడదీసి పొడిగుడ్డతో తుడిచి, ప్లగ్గులు విప్పి పొయ్యి దగ్గర పెట్టి, హ్యాండిలు వేసి నాలుగు తిప్పులు తిప్పితే అంబాసిడరు ఇన్ని నీళ్లు ఉమ్మేసి దగ్గుతూ లేచేది. ఆ హ్యాండిలు ఇంకా మా అటక మీదే ఉంది. కారు అమ్మి పాతికేళ్లయినా హ్యాండిలు అమ్మలేదు. అది దింపి, వీధిలోకెళ్లి, ఆ జర్మనీ కారు ముందు గొంతుక్కూచుని బంపరులో కన్నం కోసం వెతికాను. వీధి వీధంతా చూస్తోంది. కన్నం లేదు.

పోనీ మీట నొక్కి చూద్దామని తాళం అడిగాను. తాళమా అది? సబ్బుబిళ్ల. మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి లాక్కుంది. ఇంజన్లో నీళ్లుండగా స్టార్ట్ చేస్తే పిస్టను ఆ నీళ్లను నొక్కలేక రాడ్డు వంగిపోతుందట. అప్పుడది వరద చేసిన నష్టం కాదు, నువ్వు చేసింది అని కంపెనీవాళ్లు పేచీ పెడతారట. ఇంజన్ కోసం వేరే కవరు తీసుకుంటే సరి, లేకపోతే గోవిందా. మా రోజుల్లో ఒక్కటే కవరు, అదీ ఉత్తరాలు పెట్టుకునేది.

సరే, ఇన్సూరెన్సు. మా కాలంలో ఉన్నవి నాలుగు కంపెనీలు. 1973 నుంచీ నాలుగూ సర్కారువే. ఏ గుమ్మం ఎక్కినా ఒకటే రేటు. ఏజెంటు ఇంటికొచ్చి కార్బన్ పేపరు పెట్టి కవరు నోటు రాసి చింపి ఇచ్చేవాడు. 1983లో ఉయ్యూరు దగ్గర, చెరకు సీజన్లో, ఫ్యాక్టరీకెళ్లే బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉంటే, ఓ బండి ఎడ్లు బెదిరి వెనక్కి తన్నాయి. నా అంబాసిడరు వెళ్లి దాన్ని గుద్దింది. లేదు, బండే నన్ను గుద్దింది, క్లెయిములో అలాగే రాశాం. బండి వెనకభాగం గ్రిల్లు చీల్చుకుని రేడియేటర్లోకి దిగింది. లాక్కొచ్చి ఆటోనగర్లో పడేశాను. నష్టం లెక్కగట్టే సర్వేయరు గారు సైకిలు మీద వచ్చారు, పంచె కట్టుకుని. ముందు మా ఇంటికొచ్చి అరుగు మీద కూచుని, చెంబుడు మజ్జిగ తాగి, మా నాన్నగారి ఆరోగ్యం అడిగి, అప్పుడు కారు దగ్గరికి నడిచారు. చుట్టూ ఓసారి తిరిగి, బానెట్టు మీద చెయ్యేసి నిట్టూర్చారు. ఆ నిట్టూర్పుకే సగం నష్టం తీరిపోయింది. టింకరింగు మేస్త్రీ పంతొమ్మిది రోజులు సుత్తితో కొట్టి కొట్టి దానికి మళ్లీ ముఖం తెచ్చాడు. కొంచెం మెల్లకన్ను మిగిలింది, అంతే. ఆ తర్వాత పద్నాలుగేళ్లు నడిచింది.

“డబ్బెంతొచ్చిందో చెప్పండి” అంటుంది లోపల్నుంచి మా ఆవిడ. వచ్చిందే. ఖర్చు 4,300. వచ్చింది 1,870. పద్నాలుగు నెలలకి. “ఆ నూజివీడు రసాల బుట్ట సంగతి?” అదీ ఉంది. వేసవిలో ఆ సర్వేయరు గారే మళ్లీ వచ్చి, ఫైలు కదలడం లేదని నాకంటే ఎక్కువ బాధపడి, బుట్ట పట్టుకెళ్లారు. మనిషి చేతికి పళ్లిస్తే మర్యాదరా. మీరు మిషను చేతికి ఏమిస్తారు? ఓటీపీ.

ఈసారి సర్వేయరు కుర్రాడు. ముందు వీడియో కాల్లో “అంకుల్, కెమెరా కొంచెం కిందకి, నీటి మరక కనపడాలి” అన్నాడు. మరక ఏ ఎత్తున ఉందన్నదే వాళ్లకు జాతకం. కార్పెట్టు దాకా అయితే ఓ మోస్తరు, సీటు దాకా అయితే కష్టం, డాష్‌బోర్డు మునిగితే ఇక అయిపోయినట్టే. తర్వాత మనిషీ వచ్చాడు, మోకాళ్ల దాకా బురదతో. పొద్దున్నుంచి అది ముప్పై ఆరో బండట. మజ్జిగ తెమ్మన్నాను. సీసా చూపించాడు. నిట్టూర్చమని నేను అడగలేదు గానీ, కప్పని చూసి మాత్రం ఫొటో తీసుకున్నాడు. అది క్లెయిము కోసమో, సొంతానికో తెలియదు.

వర్క్‌షాపు ఎస్టిమేటు 31 లక్షలు. రెండేళ్లు దాటి మూడేళ్లలోపు బండికి 30 శాతం తరుగుదల కోసి కట్టిన విలువ, దాన్ని ఐడీవీ అంటార్లే, 36 లక్షల 40 వేలు. అందులో 75 శాతం 27 లక్షల 30 వేలు. 31 దాన్ని దాటింది. పోయింది బండి. ఇంత ఇనుమూ, ఇంత తోలూ, ఒక్క సొట్ట లేదు, గీత లేదు, కడిగితే కొత్త పెళ్లికూతురిలా ఉంటుంది. ఓ గుణకారం లెక్కకి చచ్చిపోయింది. ఆటోనగర్లో మా మేస్త్రీ కొడుకుని పిలిపించి చూపించాను. వాడు లోపలికి తొంగి చూసి, “బాబాయ్, ఇందులో వైర్లే తప్ప కారేదీ?” అన్నాడు. వాడూ ఈ కాలం వాడే.

60 పైన పెట్టి కొన్నదానికి 36 ఏమిటని నేను ఎగిరాను. కట్టిన లైఫ్ టాక్సు ఆ విలువలో కలవదట. కొన్న ధర మొత్తం తిరిగి రావాలంటే రిటర్న్ టు ఇన్వాయిస్ అని ఇంకో కవరుంటుందట. అంతకుముందు ఏడాది రెన్యువలప్పుడు అల్లుడుగారు దాన్ని తీసుకోబోతుంటే, “ఇరవై చిల్లర వేలు దండగ, కొత్త కారుకి ఏమవుతుందండీ” అని ఎవరో పెద్దమనిషి అడ్డుపడ్డాడు. ఆ పెద్దమనిషి ఎవరన్నది ఇప్పుడు అప్రస్తుతం. అల్లుడుగారు పెద్దింటి బిడ్డ, ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. మా అమ్మాయి చేసింది.

ఇక కాగితాలు. ఫారం 28, 29, 30, 35. ఆర్సీ ఒరిజినలు, రెండు తాళాలూ, బ్యాంకు వాళ్ల ఎన్‌వోసీ. డబ్బు ముందు అప్పిచ్చిన బ్యాంకుకే పోతుంది, వాళ్లు తిన్నాక మిగిలింది మనది. అన్నిటికంటే నాకు ఒళ్లు మండింది ఎక్కడంటే, 36 లక్షల 40 వేలిచ్చే చోట 2,000 రూపాయలు కోశారు. కంపల్సరీ డిడక్టబులట. 1,500 సీసీ దాటిన ఇంజనుకి అంతే కోస్తారట, ముక్కలు కానీ, మొత్తం పోనీ. గుడి అమ్మేసి గంట దగ్గర బేరమాడినట్టు. దీని మీద నానక్‌రామ్‌గూడలో ఐఆర్‌డీఏఐకి ఓ ఉత్తరం రాశాను, తెలుగులో, మూడు పేజీలు. పోస్టు చేయకుండా అమ్మాయి దాచేసింది.

రికవరీ వ్యాను వచ్చిన రోజు ఇద్దరు కుర్రాళ్లు కారుని గొలుసుతో పైకి లాగారు. ఆన్‌లైన్ వేలంలో ఎవరో కొన్నారట, మొహం చూడకుండానే. నేను నా అంబాసిడరు అమ్మినప్పుడు కొన్నవాడికి భోజనం పెట్టి, చౌక్ ఎప్పుడు లాగాలో చెప్పి, నందిగామ దాకా పక్కన కూచుని వెళ్లి బస్సులో తిరిగొచ్చాను. ఈ కారుకి అంతమాత్రం వీడ్కోలు కూడా లేదు. అల్లుడుగారు వేపచెట్టు కింద నిలబడి ఫోనులో ఓటీపీ చెప్పారు, అంతే.

డబ్బు అయిదు వారాల్లో పడింది. పద్నాలుగు నెలలు కాదు. మామిడిపళ్లు అక్కర్లేదు. ఈ మాట మా ఆవిడ రోజుకోసారి అంటోంది, నేను విననట్టు పేపరు తిప్పుతున్నాను.

సంక్రాంతికి అల్లుడుగారు మళ్లీ ఓ కారుతో వచ్చారు, ఈసారి చిన్నది. ఆ రిటర్న్ టు ఇన్వాయిస్ తీసుకున్నారా అని అడిగాను. తీసుకున్నారట, ఇంజన్ కవరు కూడా. నేనే దగ్గరుండి తీసుకోమన్నానని వీధిలో చెప్పుకుంటున్నాను. కారు మాత్రం ఎదురింటివాళ్ల పాత మిద్దె మీదకి ఎక్కే వాలు మీద పెట్టించాను. చక్రాల కింద రెండు రాళ్లు అడ్డం పెట్టి, వెనక చక్రం దగ్గర మా హ్యాండిలు కూడా దూర్చాను. ఇన్నేళ్లకి దానికో పని దొరికింది.