మా లిమిట్స్‌లోకి రాదు

ఇంటర్ ఫలితాలు రాగానే ఊళ్లో ఫ్లెక్సీల మీద భూతద్దం పట్టుకున్న కుర్రాడొకడు ప్రత్యక్షమవుతాడు. ఫోరెన్సిక్ సైన్స్, క్రిమినాలజీ, జీఐఎస్ అనే మ్యాపుల విద్య. ఏది కావాలంటే అది. సీట్లు పరిమితం, ఫీజులు అపరిమితం. చేరిన పిల్లలు నిజంగానే చదువుతారు పాపం. ప్రపంచంలో తొలి వేలిముద్రల బ్యూరో 1897లో మన కలకత్తాలోనే పెట్టారనీ, ఫ్రాన్సులో గెర్రీ, బాల్బీ అనే ఇద్దరు 1829లోనే నేరాల లెక్కల్ని దేశపటం మీదకి ఎక్కించారనీ నేర్చుకుంటారు. వరసగా నేరాలు చేసేవాడు మరీ ఇంటి పక్కన చెయ్యడు, మరీ దూరమూ పోడు, కాబట్టి పటాన్ని బట్టి వాడి కొంపెక్కడో అంచనా కట్టవచ్చుననీ పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకుంటారు.

పట్టా చేతికొచ్చాక తెలుస్తుంది అసలు సంగతి. ఎస్సై ఉద్యోగానికి ఏ డిగ్రీ అయినా ఒకటే. రక్తపు మరకలతో మూడేళ్లు కుస్తీ పట్టినవాడూ, బ్యాలెన్స్ షీట్లతో పట్టినవాడూ ఒకే వరసలో నిలబడాలి. 1600 మీటర్లు పరిగెత్తాలి. సమంజసమే, దొంగలు నడవరు కదా! తెలంగాణలోనైతే మగవాళ్లు 7.26 కిలోల ఇనపగుండు కూడా విసరాలి. దాన్ని ఎవరి మీద, ఏ సెక్షన్ కింద విసురుతారో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆపైన రైలు ప్లాట్‌ఫారం దాటడానికి ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కగట్టాలి. ఆ రైల్లో పోయిన సూట్‌కేసు ఎలా పట్టుకుంటావని మాత్రం ఎవరూ అడగరు.

అంతమాత్రాన పోలీసులకు మ్యాపులు రావనుకుంటే కళ్లు పోతాయి. ఏ ఉపగ్రహానికీ కనపడని గీతలు స్టేషన్ రైటర్‌గారికి కంఠతా వచ్చు. బండి పోయిందని వెళ్లి చూడండి.

"ఎక్కడ పోయింది?"

"బ్రిడ్జి దగ్గర సార్."

"బ్రిడ్జికి ఇవతలా, అవతలా?"

"కింద సార్."

"కింద అంటే కాలవ ఇవతలి గట్టు వరకే మాది. మా లిమిట్స్‌లోకి రాదు."

జీపీఎస్ అయినా నాలుగు మీటర్లు అటూ ఇటూ తడబడుతుంది. రైటర్‌గారు తడబడరు.

నిజానికి ఎఫ్ఐఆర్ ఫారంలో అయిదో అంశం అచ్చంగా భూగోళమే. నేరం జరిగిన చోటు స్టేషన్‌కు ఏ దిక్కున, ఎంత దూరాన, ఏ బీటులో ఉందని అడుగుతుంది. దాని చివర 'సి' అని ఒక గడి ఉంది. ఆ చోటు ఈ స్టేషన్ పరిధిలోది కాకపోతే ఏ స్టేషనో, ఏ జిల్లానో రాయమంటుంది. అంటే పరాయి హద్దులో జరిగినా రాసుకోవాలనే కదా! మనవాళ్లు మాత్రం ఆ గడిని కలంతో కాక నోటితో నింపి, వచ్చినవాణ్ణి వచ్చిన దారినే పంపిస్తారు.

ఖర్మకాలి కేసు కట్టారే అనుకుందాం. అప్పుడు 'రఫ్ స్కెచ్' అవతరిస్తుంది. కాగితం మధ్యలో ఒక ఇంటూ గుర్తు. చుట్టూ వేపచెట్టు, సిమెంటు రోడ్డు, ఖాళీ స్థలం, ఫలానావారి ఇల్లు. ఉత్తరం బాణం కాగితంలో ఎక్కడ జాగా మిగిలితే అక్కడ, ఎటు వీలైతే అటు. కోర్టులో డిఫెన్స్ లాయరు లేచి "మీ ఊళ్లో సూర్యుడు ఆ వేపచెట్టు వెనక ఉదయిస్తాడా, అస్తమిస్తాడా?" అని అడిగేసరికి కేసు అస్తమిస్తుంది.

నవ్వు ఇక్కడ ఆపాలి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలు రాత్రి ఇంటికి రాలేదని కుటుంబం పరుగున వెళ్తే, పరిధి మాది కాదంటూ స్టేషన్ నుంచి స్టేషన్‌కు తిప్పారని వాళ్లు వాపోయారు. కేసు నమోదులో జాప్యానికి ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. పరిధితో నిమిత్తం లేని జీరో ఎఫ్ఐఆర్ గురించి కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు 2013లోనే చెప్పింది. ఆ కాగితం ఏ స్టేషన్ లిమిట్స్‌లో ఆగిపోయిందో మరి!

ఈ విద్య మన సొత్తే అని మురిసిపోనక్కర్లేదు. కెనడాలోని వాంకూవర్ నగర పోలీసుల్లో కిమ్ రాస్మో అనే అధికారి ఉండేవాడు. నేరస్తుడి నివాసాన్ని పటం మీద అంచనా వేసే పద్ధతి మీదే 1995లో డాక్టరేట్ తెచ్చుకున్నాడు. నగరంలో ఆడవాళ్లు మాయమవుతుంటే, వరస హత్యలు చేసేవాడి పని కావచ్చునని 1998లోనే అన్నాడు. పైవాళ్లు పెడచెవిన పెట్టారు. తర్వాత కొంతకాలానికి ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. 2002లో ఆ హంతకుడు రాబర్ట్ పిక్టన్ పందుల ఫారం మీద పోలీసులు పడ్డారు. ఆడవాళ్లు మాయమైంది నగర పోలీసుల హద్దులో, ఫారం ఉన్నది పొరుగూళ్లో వేరే దళం హద్దులో. ఈ హద్దుల గొడవను 2012లో విచారణ కమిషన్ గట్టిగా తప్పుపట్టింది. కంఠం మారింది గానీ పాట అదే!

మన కొత్త చట్టం మాత్రం ముచ్చటగా ఉంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి వెళ్లి తీరాలి. ఎప్పటినుంచి? రాష్ట్రం నోటిఫై చేసిన రోజు నుంచి. అందుకు గడువు అయిదేళ్లు. ఈలోగా ఫోరెన్సిక్ పట్టా పుచ్చుకున్న పిల్ల బీమా కంపెనీలో క్లెయిములు చూసుకుంటుంది, జీఐఎస్ కుర్రాడు ఫుడ్ డెలివరీ యాప్‌కు మ్యాపులు దిద్దిపెడతాడు. బిర్యానీకి మన గడప దొరుకుతుంది. ఎఫ్ఐఆర్‌కు మాత్రం కాలవగట్టు అడ్డం.

పట్టభద్రులారా, మీకు తొలి ప్రాక్టికల్ నేనిస్తాను. అదే సంహిత 173వ సెక్షన్, నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోమంటోంది. అత్యాచారం, యాసిడ్ దాడి వంటి నేరాల్లో ఫిర్యాదు రాసుకోని ఉద్యోగికి న్యాయసంహిత 199వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా కఠిన జైలు. ఈ నేరానికి ఎఫ్ఐఆర్ మీరే నింపండి. జరిగిన చోటు: పోలీస్ స్టేషన్. దూరం: సున్నా. దిక్కు: రైటర్‌గారి కుర్చీ ఎటుంటే అటు. 'సి' గడి కొట్టివేయండి. ఇది ముమ్మాటికీ వాళ్ల లిమిట్సే.