ఉండననుచుఁ బల్కి: ఒక వీసా పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మ్యూనిక్‌లో ఉంటున్న మా అమ్మాయికి ఫిబ్రవరిలో పురుడు. పురిటికి తల్లి వెళ్ళడం మన ఆచారం. వచ్చేవాళ్ళ చేత ముందు కాగితాలూ, వేలిముద్రలూ ఇప్పించుకోవడం వాళ్ళ ఆచారం. నవంబరులో ఒక ఉదయం హైదరాబాదులో వీసా దరఖాస్తులు తీసుకునే చోట నేనూ మా ఆవిడా టోకెను పట్టుకుని కూర్చున్నాం. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. విసుగు పుడితే నాకు ఆటవెలది వస్తుంది. మా టోకెను పిలిచేలోగా పద్యం పూర్తయింది. కవినీ వ్యాఖ్యాతనీ నేనే కనక, కవి హృదయం గురించి తగువు లేదు.

మూలం

ఆ. వెళ్ళఁగోరువాఁడు వెనుదిరుగుదునని
ముందు చూపవలయు ముద్రతోడ
ఉన్న సొమ్ముఁ జూపి యుండననుచుఁ బల్కి
వీసమడుగవలెను వినయమొప్ప.

ప్రతిపదార్థం

వెళ్ళఁగోరువాఁడు = పాస్‌పోర్టు పుట్టి పదేళ్ళు దాటనిదై, తిరుగు ప్రయాణం తర్వాత కూడా మూడు నెలల ఆయుష్షు కలదై, రెండు ఖాళీ పేజీలతో సిద్ధంగా ఉన్నవాడు; వెనుదిరుగుదునని = తిరిగివచ్చేస్తానని; ముందు = ఇంకా వెళ్ళకముందే; ముద్రతోడ = బ్యాంకువారి గుండ్రటి స్టాంపుతో; చూపవలయు = ఒరిజినలూ, జిరాక్సూ రెండూ చూపాలి; ఉన్న సొమ్ముఁ జూపి = ఖాతాలో నెలల తరబడి కదలక మెదలక ఉన్న డబ్బు చూపించి; ఉండననుచుఁ బల్కి = అక్కడ ఉండిపోనని చెప్పి; వీసము = వీసాను; వినయమొప్ప = ఫొటోలో నవ్వకుండా, కౌంటరు దగ్గర నవ్వుతూ; అడుగవలెను = అడగాలి.

తాత్పర్యం

వెళ్ళాలనుకున్నవాడు వెళ్ళడం గురించి కాక, తిరిగి రావడం గురించి మాట్లాడాలి.

విశేషాలు

వెళ్ళఁగోరువాఁడు: ‘వాఁడు’ అన్నది ఉపలక్షణం, ఆడవారికీ వర్తిస్తుంది. వర్తించడమే కాదు, వారికి ఒక గడి ఎక్కువ పని చెబుతుంది. దరఖాస్తులో ‘పుట్టినప్పటి ఇంటిపేరు’ అని ఒక గడి ఉంది. మా ఆవిడ పదో తరగతి సర్టిఫికెట్టులో పుట్టింటి ఇంటిపేరు ఒక్క అక్షరం, చుక్క. ఆధార్‌లో మా ఇంటిపేరు ముందు. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు వెనక. ముగ్గురూ ఒకరేనని నిరూపించడానికి పెళ్ళయిన ముప్ఫైనాలుగేళ్ళకి మేం పెళ్ళి సర్టిఫికెట్టు తీసుకున్నాం. దీన్ని ఏకవాక్యత సాధించడం అంటారు.

ఎక్కడికి వెళ్ళగోరువాడు? కవి చెప్పలేదు, అధ్యాహారం చేసుకోవాలి. ఈ వీసాకు పేరిచ్చిన షెంగెన్ మహానగరం కాదు. లక్సెంబర్గ్‌లో మోసెల్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు; నది దాటితే జర్మనీ, పక్కనే ఫ్రాన్స్. 1985 జూన్ 14న ఐదు దేశాలవారు అక్కడ ఒక నౌక మీద కూర్చుని, తమ మధ్య సరిహద్దుల్లో తనిఖీలు ఎత్తేద్దామని సంతకాలు చేశారు. ఆ ఐదు ఇప్పుడు ఇరవైతొమ్మిది. లోపలి గుమ్మాలన్నీ తీసేసినవారు వీధి గుమ్మం దగ్గర గట్టిగా అడగడం న్యాయమే. ఏ దేశాన్ని అడగాలన్న దానికి నియమముంది: ఎక్కువ రోజులు ఎక్కడుంటే అక్కడ, సమానమైతే మొదట ఎక్కడ అడుగుపెడితే అక్కడ. “స్లాట్లు ఎక్కడ ఖాళీగా ఉంటే ఆ దేశానికి పెట్టేద్దాం మామయ్యా” అన్నాడు మా అల్లుడు. అది అపప్రయోగం.

వెనుదిరుగుదునని: పద్యానికి ప్రాణం ఈ పదం. యుద్ధంలో వెనుదిరిగితే అపకీర్తి. వీసాలో తిరగకపోతే అపకీర్తి. ఎన్నాళ్ళకు తిరగాలి? ఏ 180 రోజుల్లోనైనా 90 మించరాదు. ఇక్కడ ‘ఏ’ అన్న ఒక్క అక్షరం దగ్గర పండితులు సైతం బోల్తా పడతారు. జనవరి నుంచో జూలై నుంచో లెక్క కాదు. అక్కడున్న ప్రతిరోజూ ఆ రోజు నుంచి వెనక్కి 180 రోజులు చూసుకోవాలి. దిగిన రోజూ లెక్కే, బయలుదేరిన రోజూ లెక్కే. మైల లెక్కపెట్టడం తెలిసిన మా ఆవిడకు ఇది వెంటనే అర్థమైంది. కంప్యూటరు ఇంజనీరైన అల్లుడికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

వెనుదిరగడం ప్రాణంతోనే అన్న నియమం కూడా లేదు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ఆసుపత్రి ఖర్చులకే కాదు, మనిషి పోతే స్వదేశానికి చేర్చే ఖర్చుకూ అది సరిపోవాలి. కవి వాడిన ‘వెనుదిరుగు’ ధాతువు ఇంత లోతైనది.

ముద్రతోడ: ‘ముద్రతోడ – ఉన్న’ అనేచోట సంధి కలవలేదేమని ఆక్షేపించవచ్చు. ముద్ర కోసం మా బ్యాంకుకు నాలుగుసార్లు వెళ్ళాను. మొదటిరోజు సర్వరు పనిచేయలేదు. రెండోరోజు స్టాంపు ఉంది, సంతకం చేసే మేనేజరు లేరు. మూడోరోజు మేనేజరున్నారు, స్టాంపున్న బీరువా తాళం ఇంకొకరి దగ్గర ఉంది. ముద్రకూ ఉన్నదానికీ సంధి కలవకపోవడం కవి దోషం కాదు. నాలుగోరోజు పదిహేడు పేజీల మీద పదిహేడు ముద్రలు పడ్డాయి. పదకొండో పేజీలో స్టాంపు తలకిందులైంది. దాన్ని విలోమ ముద్ర అని సరిపెట్టుకున్నాను.

2025 అక్టోబరు 12 నుంచి ఆ దేశాల సరిహద్దుల్లో పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టే పద్ధతి దశలవారీగా పోయి, రాకపోకలను కంప్యూటర్లలో నమోదు చేయడం మొదలైంది. కవి కీర్తించిన ముద్ర అక్కడ అస్తమిస్తోంది. మా బ్యాంకు బీరువాలో మాత్రం భద్రంగా ఉంది.

ఉన్న సొమ్ముఁ జూపి: ‘ఉన్న’ అనడం సాభిప్రాయం, ‘వచ్చిన’ అనలేదు. “బావా, ఖాతాలో నాలుగు లక్షలు వేస్తా, వీసా అయ్యాక ఇచ్చేద్దువుగానీ” అన్నాడు మా బావమరిది. ఉన్నట్టుండి ఉన్న సొమ్ము ‘ఉన్న సొమ్ము’ కాదు. దరఖాస్తుకు మూడు రోజుల ముందు పెరిగిన ఖాతా అతిశయోక్తి. నా పెన్షను స్వభావోక్తి. నెలనెలా ఒకే తేదీన, ఒకే మొత్తం.

ఖర్చు తామే భరిస్తామని పిల్లనిచ్చిన ఇంటివారు రాసివ్వడం మనకు తెలుసు. పిల్లనుచ్చుకున్న అల్లుడు రాసివ్వడం జర్మనీలో ఉంది. ఆ పత్రం పేరు ‘ఫెర్‌ఫ్లిఖ్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్’. దీన్ని చదివి నాకు ఆ జాతి మీద గౌరవం పెరిగింది. విగ్రహవాక్యం: ఫెర్‌ఫ్లిఖ్టుంగ్ అంటే బాధ్యత, ఎర్‌క్లేరుంగ్ అంటే ప్రకటన, బాధ్యత యొక్క ప్రకటన, షష్ఠీతత్పురుషం. నడుమ ‘స్’ ఆగమం. అత్తమామల తిండి, వసతి, వైద్యం, చివరికి తిరుగు ప్రయాణం ఖర్చు కూడా ఆ సమాసంలో ఇమిడి ఉన్నాయి. మా అల్లుడు అక్కడి కార్యాలయానికి వెళ్ళి, జీతం కాగితాలు చూపించి దాన్ని తెచ్చాడు. సమాసం విడదీసి చెప్పాక మా ఆవిడ, “పెళ్ళిలో ఇంత రాయించుకోలేదు మనం” అంది.

ఉండననుచుఁ బల్కి: ఇక్కడ పూర్వపక్షం. ‘తొంభై రోజులు ఉంటాను’ అని దరఖాస్తు పెట్టినవాడు ‘ఉండను’ అనడం వదతోవ్యాఘాతం కాదా? కాదు. ఉండటం వేరు, ఉండిపోవడం వేరు. నిరాకరణ పత్రంలో కారణాలు గళ్ళుగా ఉంటాయి. వాటిలో ఒకటి, గడువు ముగిసేలోగా వెళ్ళిపోతారన్న దానిపై సహేతుకమైన సందేహం ఉందని. కాబట్టి సాక్ష్యం కావాలి. కవరింగు లెటరులో నేను పెన్షను, సొంత ఇల్లు, ఇంటిపన్ను రసీదు రాశాను. మా ఆవిడ చదివించుకుని, “ఏప్రిల్ ఆఖరుకి ఆవకాయ పెట్టాలి, అందుకని వచ్చేస్తామని రాయండి” అంది. దానికి జతచేయడానికి కాగితం ఏదని అడిగాను. జాడీలున్నాయంది. రాయలేదు.

వీసము: మన పాత లెక్కల్లో వీసం అంటే పదహారో వంతు. పెద్దవారికి రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలకు అందులో సగం, అంతకన్నా చిన్నవారికి ఉచితం. వీసం వంతు ఎవరికీ లేదు. మరొక వ్యుత్పత్తి ఉంది. లాటిన్‌లో ‘చార్తా వీసా’ అంటే చూడబడిన పత్రం. ఈ అర్థం తెలిస్తే, నాలుగు పాదాల పద్యంలో ‘చూపు’ రెండుసార్లు రావడం పునరుక్తి దోషం కాదని తేలుతుంది. వాళ్ళు చూసేది కాగితాన్ని. మనం చూపాల్సిందీ దాన్నే.

వినయమొప్ప: మా ఆవిడ వేలిముద్రలు పడలేదు. నాలుగు వేళ్ళు అద్దం మీద పెట్టింది, ఎర్రదీపం. “గట్టిగా నొక్కండి ఆంటీ” అంది కౌంటరు అమ్మాయి. మళ్ళీ ఎర్రదీపం. నలభై ఏళ్ళు చింతపండు పిసికి, గిన్నెలు తోమిన వేళ్ళు, గీతలు అరిగిపోయాయి. ఆ అమ్మాయి తడిగుడ్డ తెచ్చి, ఒక్కొక్క వేలూ తుడిచి, తన చేత్తో అద్దానికి అదిమి పట్టింది. ఐదోసారి పచ్చదీపం వచ్చింది. “మా అమ్మమ్మకీ ఇంతే ఆంటీ” అంది. ఒకసారి ఇచ్చిన ముద్రలు 59 నెలల దాకా మళ్ళీ వాడుకోవచ్చు కనక, ఆ వేళ్ళకి అంతవరకు సెలవు.

పాఠాంతరం: ‘వినయమొప్ప’కు బదులు ‘విసుగు చెంద’ అని కూడా చదవవచ్చు. గణాలూ యతీ రెండింటికీ సరిపోతాయి. టోకెను పిలవకముందు ఒకటి, పిలిచాక ఒకటి సమంజసం.

ఫలశ్రుతి

ప్రయాణానికి ఆరు నెలలకు మించి ముందు కాక, పదిహేను రోజులకు తక్కువ కాకుండా ఈ పద్యాన్ని పఠించినవారికి మామూలుగా పదిహేను రోజుల్లో, సందేహముంటే నలభైఐదు రోజుల్లోపు ఫలితం తెలుస్తుంది. మూడేళ్ళలో రెండుసార్లు వీసా పొంది, మాట ప్రకారం వెనుదిరిగిన భారతీయులకు రెండేళ్ళ వీసా, ఆపైన ఐదేళ్ళది ఇవ్వవచ్చని 2024 ఏప్రిల్‌లో ఏర్పాటు చేశారు. ఉండనన్నవాడికే ఉండే అవకాశం పెరుగుతుందని ఫలితార్థం.

మాకు పదమూడోరోజున వచ్చింది. స్టిక్కరు ఫొటో తీసి పంపగానే అమ్మాయి వీడియోకాల్ చేసింది. తొంభై అంకె చూసి దాని ముఖం చిన్నబోయింది. “మూడు నెలలేనా అమ్మా? ఇంకొన్నాళ్ళు ఉండటానికి వీలుకాదా?”

ఇన్ని కాగితాల్లో ఇన్ని ముద్రలతో ఒప్పించిన మాటను ఇప్పుడు కడుపుతో ఉన్న పిల్లకి చెప్పాలి. నేను నియమాలు ఎత్తుకోబోయాను. మా ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

“ఉండనే. మామిడికాయలొచ్చే వేళకి నేనింట్లో లేకపోతే నీకు ఆవకాయెవరు పంపుతారు?”

అమ్మాయి ఇంకేం అడగలేదు. రుజువు అక్కర్లేకపోయింది.