కోట్ల సారు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సందుల్లో లైనక్స్ చెప్పే కోట్ల సారు ఒకరు తప్పకుండా తగులుతారు. కోట్లంటే ఆస్తి అనుకునేరు. సారుకున్నవి సింగిల్ కోట్లు, డబుల్ కోట్లు. నోరు విప్పితే చాలు, రెండు చేతుల రెండేసి వేళ్లూ గాల్లోకి లేచి మాటకు అటూ ఇటూ కాపలా కాస్తాయి.

మొదటిరోజు పాఠం ఎప్పుడూ ఒకటే. ఊరు అనే వేరియబుల్‌లో ‘లాల్ బహదూర్ నగర్’ పెట్టించి, ఆ పేరుతో ఫోల్డర్ చేయమంటారు. పిల్లలు ఎంకేడిర్ పక్కన ఉత్త డాలర్ ఊరు కొడతారు. లాల్ ఒకటి, బహదూర్ ఒకటి, నగర్ ఒకటి, మూడు ఫోల్డర్లు! “కోట్లు లేకపోతే షెల్ ఖాళీ కనబడగానే కత్తి పెట్టేస్తుంది. 1979లో బోర్న్ షెల్‌కున్న బుద్ధే ఇది, 1989లో వచ్చిన బ్యాష్‌కూ పోలేదు. మెట్రోవాళ్లు స్టేషన్‌కు ఎల్బీ నగర్ అని ఊరికే పెట్టారా?”

“అందులోనూ ఖాళీ ఉంది కద సార్” అన్నాను. ఆరోజు నుంచి నా బెంచీవైపు చూడడం మానేశారు.

ఈ చాదస్తం వెనక ఒక గాయముంది. ఒకసారి ‘పాత నోట్సు’ ఫోల్డర్ తీసేద్దామని స్క్రిప్టు రాసి, వేరియబుల్‌కు కోట్లు మరిచారట. ఆర్ఎమ్ ముందు ‘పాత’ కోసం వెతికింది, లేదు. తర్వాత ‘నోట్సు’ కోసం వెతికింది, ఉంది. ఊడ్చేసింది. ఏళ్లుగా పోగేసినదంతా పోయి, పారేయాల్సిన పాత నోట్సు మాత్రం భద్రంగా మిగిలింది. మాకు చెబుతున్నది దాంట్లోంచే.

స్టార్ గుర్తు పేరెత్తితే సారు గొంతు తగ్గిపోతుంది. కోట్లు లేకుండా వదిలితే ఫోల్డర్లో ఉన్న ఫైళ్లన్నీ పిలవని పెళ్లికి బంధువుల్లా దిగిపోతాయి.

హాస్టల్ కుర్రాడొకడు అమెరికా కలలో ఉండి, ‘నా జీతం $5000’ అని డబుల్ కోట్లలో పెట్టి ఎకో కొట్టాడు. తెరమీద ‘నా జీతం 000’ అని వచ్చింది. షెల్ డాలర్ 5ని ఐదో ఆర్గ్యుమెంట్ అనుకుంది. వాడు అదివ్వలేదు, మూడు సున్నాలు మిగిలాయి.

“డాలర్లు మిగలాలంటే సింగిలే గతి నాయనా” అన్నారు సారు. క్లాసంతా ఎందుకు గొల్లుమందో ఆయనకు అర్థం కాలేదు.

సాయంత్రం చైతన్యపురిలో టిఫిన్ బండి దగ్గర కనబడ్డారు. వేళ్లు లేచే ఉన్నాయి.

“‘ఆనియన్ దోశ’ ఒకటి.”

“ఆనియన్ దోశమీద ఎయ్యాల్నా సార్, పక్కన పెట్టాల్నా?”

సారు వేళ్లు ఇంకాస్త పైకి లేచాయి.