కేటీ ఇచ్చి వెళ్లండి

2004 ఫిబ్రవరిలో బుష్ ప్రభుత్వ ఆర్థిక సలహా మండలి అధ్యక్షుడు గ్రెగరీ మ్యాంక్యూ ఒక చల్లని కబురు చెప్పారు. అమెరికన్ల పనులు సముద్రం దాటి పోవడం కూడా వ్యాపారంలో ఒక రకమేనట, పోనుపోను దేశానికి లాభమేనట. ఇంటి అప్పు ఇచ్చిన బ్యాంకు ఆ ‘పోనుపోను’ దాకా ఆగదు, అది వేరే సంగతి. ఆయన మాత్రం మరుసటి ఏడాది హార్వర్డ్‌కు తిరిగెళ్లి నిక్షేపంగా పాఠాలు చెప్పుకున్నారు. ఆ ఉద్యోగాన్ని ఎవరూ పుణెకు పంపలేదు.

సిద్ధాంతం నేల మీదకి దిగితే ఎలా ఉంటుందో 2014 అక్టోబరులో ఫ్లోరిడాలో తేలింది. ఆర్లాండోలోని డిస్నీ వరల్డ్ సుమారు 250 మంది ఐటీ ఉద్యోగులకు 90 రోజుల గడువు పెట్టింది. ఈలోగా హెచ్‌-1బీ వీసా మీద ఇండియా నుంచి వచ్చిన వాళ్లకు పనంతా నేర్పాలి, బుద్ధిగా ఆఖరి రోజు దాకా ఉంటే బోనసు. మన ఐటీ వాళ్లు దీన్ని ముద్దుగా ‘కేటీ’ అంటారు, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. ఏకలవ్యుడు ద్రోణుడికి బొటనవేలు కోసిచ్చాడని ఇన్నాళ్లూ కళ్లొత్తుకున్నాం. ఇక్కడ గురువే తన వేలు కోసి, దాన్ని ఎలా వాడాలో డాక్యుమెంటు కూడా రాసి, శిష్యుడి చేతిలో పెట్టి గేటు దాటాలి.

అయినా కంపెనీ కష్టం కంపెనీది. ఆ ఆర్థిక సంవత్సరంలో దానికి మిగిలిన లాభం 750 కోట్ల డాలర్లే. అప్పటి సీఈఓ బాబ్ ఐగర్‌కు ముట్టింది నాలుగు కోట్ల అరవై అయిదు లక్షల డాలర్లే. ఎక్కడో ఒకచోట పొదుపు చెయ్యకపోతే ఎలా?

చట్టం ఊరుకుందా అంటారేమో. ఊరుకోలేదు. హెచ్‌-1బీల మీదే బతికే కంపెనీలు అమెరికన్ని లేపి ఆ సీట్లో విదేశీయుణ్ని కూర్చోబెట్టకూడదని 1998లోనే రాసుకుంది. ఆ విదేశీయుడికి ఏడాదికి 60,000 డాలర్లిస్తే ఆ మాట పట్టించుకోనక్కర్లేదని పక్కనే ఇంకో వాక్యం కూడా రాసుకుంది. అప్పట్నుంచీ అద్దెలు పెరిగాయి, కోడిగుడ్లు పెరిగాయి, ఆ 60,000 మాత్రం రుషిలా కదలకుండా కూర్చుంది. డిస్నీ మాజీ ఉద్యోగులు కోర్టుకెక్కితే 2016లో కేసులు కొట్టేశారు.

మరి తిట్లెవరికి? సంతకం పెట్టిన వాడికా? అబ్బే! అమీర్‌పేటలో కోర్సు చేసి, చిలుకూరు బాలాజీకి నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసి, అప్పు చేసి విమానమెక్కిన మన కుర్రాడికి. అమెరికన్ల నోటికాడి కూడు లాక్కున్నాడట. వాడికి దక్కింది మధ్యవర్తుల కోత పోగా మిగిలింది. ఉద్యోగం ఊడితే అరవై రోజుల్లో ఇంకొకటి వెతుక్కోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. అందుకే జీతం గురించి గానీ రాత్రి పదింటి కాల్స్ గురించి గానీ నోరెత్తడు. రెజ్యూమేలో ఎక్కడా రాయడు గానీ, కంపెనీని మురిపించిన అర్హత అదే.

ట్రంప్ దొరవారికి మందు దొరికింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టమన్నారు. మనిషికైతే వీసా కావాలి. పనికి అక్కర్లేదుగా! అది ఇంటర్నెట్ తీగ పట్టుకుని గచ్చిబౌలి అద్దాల మేడల్లోకి హాయిగా దిగుతుంది. అది చూసి మనం బాజాలు మోగించనక్కర్లేదు. అదే ఏడాది జూలైలో టీసీఎస్ దాదాపు 12,000 మందిని పంపించేస్తానంది. ఆర్లాండోలో ఏడ్చిన వాడి భాష ఇప్పుడు మన వాళ్లకూ అర్థమవుతోంది, యాస నేర్పే ట్రైనర్ లేకుండానే.

కాబట్టి డైరెక్టర్ల బోర్డులకు నాదొక విన్నపం. చవకే మోక్షమైతే, ఖరీదైన కుర్చీతో మొదలుపెట్టాలి కదా? ఐగర్ గారి ఆనాటి జీతంలో నూరోవంతుకు ఆ పని చేసిపెట్టే వాళ్లు మాదాపూర్‌లో బస్టాపుకి పదిమంది. నైట్ షిఫ్టు అలవాటే, క్యాబ్ ఇస్తే చాలు, జెట్ అడగరు. తీసేసిన వాళ్ల పట్ల విచారం ప్రకటించే ఈమెయిలు ఒక్క తప్పు లేకుండా రాసిపెడతారు. దిగిపోయే దొరగారు కాస్త కేటీ ఇచ్చి వెళ్తే సరి. తొంభై రోజులెందుకు, నేర్పాల్సింది సంతకం పెట్టడమేగా, మధ్యాహ్నం భోజనాల లోపు అయిపోతుంది.