వంకర ఇరుసుకు బహిరంగ లేఖ

ఎత్తు పెంచిన జీపుల కింద దాక్కున్న వంకర ఇరుసుకు,

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాల వెంట బండి పాకినంతసేపు నువ్వు బయటపడవు. ఎల్బీనగర్ కూడలి దాటి, విజయవాడ హైవే ఎక్కి, వేగం 80 అందుకున్నాకే నీ సంగతి తెలుస్తుంది. స్టీరింగ్ ఓ పక్కకు తిప్పి పట్టుకుంటే తప్ప బండి తిన్నగా పోదు. వెనక వచ్చేవాళ్ళకు అది ఏటవాలుగా నడుస్తున్నట్టు కనిపిస్తుంది. యజమాని అలైన్‌మెంట్ షాపుకు వెళతాడు. అక్కడ టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేసి, స్టీరింగ్‌ను మధ్యకు తెచ్చి పంపిస్తారు. నువ్వు మాత్రం ఉన్నచోటే ఉంటావు. నీ మీద నాకున్న కోపం అదే: జనం చేత మళ్ళీ మళ్ళీ డబ్బు కట్టించి కూడా నువ్వు దొరకవు.

నీకు రెండు వేషాలున్నాయి. మొదటిది పక్కకు జరగడం. 2023లో వచ్చిన అయిదు తలుపుల జిమ్నీకి ముందూ వెనకా గట్టి ఇరుసులే, అంటే రెండు చక్రాలనూ ఒకే కడ్డీలా కలిపేవి. 2020 నాటి కొత్త థార్‌కు వెనక మాత్రమే. ఇలాంటి ఇరుసు అటూ ఇటూ కదలకుండా పట్టి ఉంచేది ప్యాన్‌హార్డ్ రాడ్. దాని ఒక కొన ఇరుసుకు, రెండో కొన ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. స్ప్రింగులు మార్చి బండిని లేపితే రాడ్ వాలు పెరుగుతుంది, పొడవు పెరగదు. దాంతో అది ఛాసిస్‌కు బిగించిన వైపుకు ఇరుసును లాక్కుంటుంది. 850 మి.మీ. రాడ్‌కు రెండు కొనల ఎత్తు తేడా 100 నుంచి 150 మి.మీ.కు పెరిగితే ఇరుసు 7 మి.మీ.కు పైగా జరుగుతుంది. ఒక పక్క టైరు బయటికి పొడుచుకొస్తుంది, రెండో పక్కది లోపలికి పోతుంది.

రెండో వేషం మెలితిరగడం. ప్రమాదం ఎక్కువ దీనితోనే. ఇరుసును ఛాసిస్‌కు కలిపే ట్రెయిలింగ్ ఆర్మ్ ఒక పక్క వంగినా, దాని రబ్బరు బుష్ నలిగినా ఇరుసు ఒక చివర ముందుకో వెనక్కో పోతుంది. జిప్సీలోనైతే కమాన్ పట్టీల సెంటర్ బోల్టు తెగి, యూ బోల్టులు వదులైతే ఇరుసు పట్టీల మీద జారిపోతుంది. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి వెనకబడ్డ బండిలా, జీపు ఎప్పుడూ పక్కకే చూస్తుంది.

నిన్ను పట్టుకోవడానికి ఖరీదైన యంత్రమే అక్కర్లేదు. చదునైన సెల్లార్ నేల, కొలత టేపు, తాపీ మేస్త్రీ వాడే తూకం గుండు చాలు. ముందుగా నాలుగు టైర్లలో గాలి సరిచూసి, స్టీరింగ్ తిన్నగా ఉంచాలి. ఛాసిస్ మీద రెండు పక్కలా ఒకే చోటు నుంచి గుండు వేలాడదీసి, టైరు దాకా ఎంత దూరముందో కొలవాలి. రెండు కొలతల తేడాలో సగమే ఇరుసు జరిగిన దూరం. తర్వాత ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి దాకా కుడి, ఎడమ విడివిడిగా కొలవాలి. జిమ్నీకి ఇది 2,590 మి.మీ., జిప్సీకి 2,375. చక్రాల మధ్య వెడల్పు 1,400 మి.మీ. ఉన్న బండిలో రెండు పక్కలకూ 5 మి.మీ. తేడా వస్తే ఇరుసు 0.2 డిగ్రీలు మెలితిరిగినట్టే. వంకర ముందు ఇరుసుదో వెనకదో తేల్చడానికి ఛాసిస్ మీద రెండు పక్కలా ఒకే చోటున్న రంధ్రాల నుంచి ఆ పక్క ఇరుసు చివర దాకా కొలిచి పోల్చి చూడాలి. నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయిస్తే ఆ కాగితంలో థ్రస్ట్ యాంగిల్ (వెనక ఇరుసు బండి నడిమి గీత నుంచి ఎంత పక్కకు చూస్తుందో చెప్పే కోణం) వరస కూడా, వంకర వెనకదైతే, నీ పేరు చెబుతుంది.

నువ్వు దొరికాక మందు తేలికే. పక్కకు జరిగితే పొడవు మార్చుకునే ప్యాన్‌హార్డ్ రాడ్ వేయాలి. మెలితిరిగితే వంగిన ఆర్మ్, బుష్‌లు, సెంటర్ బోల్టు, యూ బోల్టుల్లో చెడినవాటి చోట కొత్తవి వేయాలి. బుష్ బోల్టులను బండి జాకీ మీద వేలాడుతుండగా బిగించకూడదు, చక్రాలు నేల మీద ఆనాకే బిగించాలి.

ఇక బండి ఎత్తు పెంచాలనుకునే మిత్రులారా, తయారీదారు నిర్దేశించినదానికి విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పిచ్చింది. ముందు అది ఆలోచించండి. ఇప్పటికే పెంచి ఉంటే ఈ కొలతలన్నీ తీసి, కాగితం మీద రాసి మెకానిక్ చేతికివ్వండి. పని అయ్యాక మళ్ళీ కొలిపించండి. రెండు పక్కలా అంకెలు కలిశాకే డబ్బు చెల్లించండి.