వాపును బలుపనుకునే భూగోళం

బడిలో డిజిటల్ బోర్డు వెలిగితే చాలు, భూగోళశాస్త్రం వచ్చేసినట్టేనని మన బడుల ధీమా. ఆ బోర్డు మీది వెబ్ పటంలో గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి సుమారు 14 రెట్లు పెద్దది. 1569లో పటకర్త మెర్కేటర్ నావికుల కోసం రూపొందించిన పద్ధతినే కొద్ది మార్పులతో వెబ్ పటాలు చాలావరకు నేటికీ వాడుతున్నాయి. దిక్కుల కోణాలు చెడకూడదంటే ధ్రువాల వైపు నేల ఉబ్బక తప్పదు. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. సిలబస్ వీడియోకి అంత తీరిక ఏది?

అచ్చు అట్లాసూ అంతేగా అంటారు. గుండ్రటి భూమిని కాగితం మీద పరిస్తే ఏదో ఒకటి వంకరపోవాల్సిందే, ఒప్పుకుందాం. కానీ అట్లాస్ పేజీలో స్కేలు కదలదు. దారం పెట్టి గోదావరి పొడవు సుమారుగానైనా కొలవొచ్చు. తెర మీద వేలు ఆడించినప్పుడల్లా స్కేలు మారుతుంది, మూలనున్న స్కేలు గీతను చూసే నాథుడు లేడు. అలాగని నెట్ వద్దనలేం. ఇస్రో 2009లో తెచ్చిన భువన్ పటాల పోర్టల్‌లో ఊరి చెరువును ఉపగ్రహ చిత్రంలో ఉచితంగా చూడొచ్చు. మాస్టారూ, వీడియో ఆపి ఆ చెరువు వైశాల్యం పిల్లల చేత కొలిపించండి. మార్కులు రాని పని కదా, యాజమాన్యం ఒప్పుకుంటేనే సుమా!